వాగ్దానపు కార్డు వెనకున్న ఉత్తరం

నాయనా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచీ నీతో మాట్లాడాలని మనసు లాగుతూనే ఉంది. ఫోన్లో అయితే నువ్వు తొందరలో ఉంటావు, నాకు మాట తెగుతుంది. అందుకే రాస్తున్నాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాక్యం చెప్పమని అయ్యగారు నిన్ను అడిగారంటే నా కడుపు నిండిపోయింది. మా అమ్మ బైబిలు స్త్రీగా ఊరూరా నడిచి, అరుగుల మీద కూర్చుని చదువురాని ఆడవాళ్లకు సువార్త చెప్పిన మనిషి. ఆవిడ మునిమనవడు హైదరాబాదులో మైకు ముందు నిలబడి వాక్యం చెప్పబోతున్నాడు. ఆవిడ ఉంటే ఎంత మురిసిపోయేదో!

అయితే నాయనా, నువ్వు ఒక మాట అన్నావు. "యిర్మీయా 29:11 తీసుకుంటున్నా అమ్మమ్మా, వాగ్దానపు కార్డులు కూడా ఆ వచనంతోనే అచ్చు వేయిస్తున్నాం, అందరికీ నచ్చుతుంది" అన్నావు. దేవుడు మన గురించి తలపెట్టినవన్నీ మేలైనవే, కీడు కోసం కావు అనే వచనం. నచ్చకపోవడమేముంది? మన వాళ్ల ఇళ్లలో క్యాలెండరు మీద, గోడ గడియారం మీద, ఆటోల వెనక అద్దం మీద ఎక్కువగా కనిపించేవాటిలో అదొకటి. దాన్ని తీసుకోవద్దని నేను అనను. దాని ముందు పేజీ, వెనక పేజీ కూడా తీసుకోమంటాను.

ఎందుకు ఇంత పట్టుదలగా చెబుతున్నానో నీకు తెలియాలి. మీ తాతయ్య పోయిన ఏడాది, అర్ధరాత్రి గంట కొట్టాక పళ్లెంలోంచి నేను తీసుకున్న కార్డు మీద ఉన్నది ఈ వచనమే. బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నాను. చీర మడతల మధ్య డబ్బులు దాచుకునేదాన్నని ఆయన నన్ను ఏడిపిస్తూ, బీరువా తీసినప్పుడల్లా దాన్ని పైకి చదివేవారు. జూలైలో ఆయన పోయారు. కర్మ అంతా అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, ఒకరోజు బీరువా తీశాను. ఆ కార్డు అలాగే ఉంది. దాన్ని చూసి నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువ వచ్చింది. దేవుడు మాట తప్పాడనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు. గుడికి వెళ్లాను, పాటలు పాడాను, లోపల మాత్రం రాయిలా ఉన్నాను. ముప్పై ఏళ్లు సండే స్కూల్లో పాఠం చెప్పినదాన్ని, ఆ అధ్యాయం మొదటి నుంచి చివరి వరకూ ఒక్కసారీ చదవలేదని అప్పుడు తెలిసింది. చదివాను. అది కార్డు కాదు నాయనా, ఉత్తరం.

ఎవరికి రాసిన ఉత్తరమో చూడు. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి యెకొన్యా రాజునూ, అతని తల్లినీ, అధికారుల్నీ, వడ్రంగుల్నీ, కమ్మరుల్నీ పట్టుకుపోయాడు. వందల మైళ్ల దూరంలో, భాష రాని చోట, ఓడిపోయిన జనంగా వాళ్లు బతుకుతున్నారు. వాళ్లకు ఒకటే ఆశ, ఎప్పుడు ఇంటికి పోతామా అని. ఆ ఆశను సొమ్ము చేసుకునే ప్రవక్తలు అక్కడా ఉన్నారు, యెరూషలేములోనూ ఉన్నారు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ఒకాయన దేవాలయంలో జనమంతా చూస్తుండగా నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారు, దోచుకుపోయిన గుడి పాత్రలు కూడా వచ్చేస్తాయి అని ప్రకటించాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే గొప్ప అభిషేకంతో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టే ఉంటారు.

యిర్మీయా ఏమన్నాడో తెలుసా? ఆమేన్ అన్నాడు. నువ్వు చెప్పినట్టే జరగాలని నాకూ ఉంది అన్నాడు. ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆయనకు కీడు చెప్పాలనే సరదా లేదు. జనం బాధపడితే చూడాలనే కోరిక లేదు. కాని నిజం వేరేగా ఉంది. అప్పుడు హనన్యా, బబులోనుకు లోబడాలనే గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని లాగి విరగ్గొట్టాడు. యిర్మీయా ఆ పూట మాట్లాడకుండా వెళ్లిపోయాడు. తర్వాత దేవుని మాట వచ్చింది: కొయ్య కాడి విరిగితే ఇనుప కాడి వస్తుందని. హనన్యా రెండేళ్లు అని చెప్పింది అయిదో నెలలో. ఏడో నెలలో అతనే చనిపోయాడు.

ఇప్పుడు 29 చదువు. రాజు పని మీద బబులోనుకు వెళ్తున్న ఇద్దరి చేతికి యిర్మీయా ఉత్తరం ఇచ్చి పంపాడు. అందులో మొదట ఉన్నది ఓదార్పు కాదు, పని. ఇళ్లు కట్టుకోండి. తోటలు వేసుకుని వాటి కాయలు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, మీ పిల్లలకూ పెళ్లిళ్లు చేయండి. రెండేళ్లలో తిరిగి పోయేవాడు ఇల్లు కట్టుకుంటాడా? మొక్క నాటుతాడా? అంటే మీరు అక్కడే ఉంటారని చెబుతున్నాడు. తర్వాత లెక్క కూడా చెప్పాడు, డెబ్బై ఏళ్లు అని. ఆ డెబ్బై ఏళ్ల మాట పదో వచనంలో ఉంది. మనం కార్డు మీద వేసుకునేది పదకొండు. ఒక్క గీత కింద ఉన్నదాన్ని కత్తిరించుకుని, పైనున్నదాన్ని వదిలేశాం.

ఆ ఉత్తరం విన్న ముప్పై ఏళ్ల మనిషికి అర్థం ఏమిటి? నువ్వు ఇక్కడే ముసలివాడివై ఇక్కడే పోతావు, అయినా దేవుడు నిన్ను మరిచిపోలేదు అని. నీ మనవలు తిరిగి వెళ్తారు అని. అదీ వాగ్దానం. మీ తాతయ్య ఏడాది చివరి వరకూ బతుకుతారని ఆ వచనం నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనే అలా చదువుకున్నాను. నాకు అలా నేర్పారు, నేనూ పిల్లలకు అలాగే నేర్పాను. ఆ రాత్రి ఉత్తరం మొత్తం చదివాక మాత్రం నేను పోగొట్టుకున్న దేవుడు నాకు మళ్లీ దొరికాడు. రెండేళ్ల దేవుడు కాడు ఆయన. డెబ్బై ఏళ్లు పక్కన కూర్చునే దేవుడు.

ఇంకో విషయం ఉంది, దీన్ని తెలుగు పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ చెబుతున్నాను. మన తెలుగు బైబిల్లో ఆ వచనంలో 'సమాధానకరమైన' అనే మాట వాడారు. ఇప్పటి పిల్లలకు సమాధానం అంటే ప్రశ్నకు జవాబు. మన బైబిలు భాష పాతది. 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని తర్జుమా మొదలుపెట్టారు. వారి తర్వాత ఎందరో కూర్చుని దిద్దారు. ఆ భాషలో సమాధానం అంటే శాంతి, నెమ్మది. 'శోధన' అంటే పరీక్ష. ఈ తరం పిల్లవాడు శోధన అంటే పరిశోధన అనుకుంటే తప్పు వాడిది కాదు, విడమరిచి చెప్పని మనది. అందుకే నువ్వు వాక్యం చెప్పేటప్పుడు చదివిన మాటను ఒకసారి ఇంటి భాషలోకి దించు.

హెబ్రీలో ఆ సమాధానం అన్న చోట ఉన్నది షాలోమ్. అదే షాలోమ్ నాలుగు వచనాల ముందు, ఏడో వచనంలోనూ ఉంది, తెలుగులో అక్కడ 'క్షేమము' అన్నారు. మాట రెండు రకాలుగా రావడంతో ఆ రెంటికీ ఉన్న ముడి మన కంటికి కనిపించదు. ఏడో వచనం ఏమంటుంది? మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసం పాటుపడండి, దాని కోసం ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అంటుంది. ఆ ఊళ్లో గుళ్లు వేరు, దేవుళ్లు వేరు. వాళ్లే వీళ్లను ఇళ్ల నుంచి పట్టుకొచ్చినవాళ్లు. అయినా వాళ్ల మేలు కోరమన్నాడు. నీకు తలపెట్టిన మేలు, నీ పొరుగువాడి మేలు ఒకే మాట నాయనా. పొరుగువాణ్ణి వదిలేసి నాకొక్కడికే ఈ ఏడాది ప్రమోషన్ అని ఈ వచనం మీద ప్రార్థించడానికి లేదు.

ఇది చెప్పేటప్పుడే మరో మాట సరిచేయి. మనలో కొందరు పక్కింటి హిందువుల్ని, ముస్లిముల్ని 'అన్యులు' అంటారు. మందిరంలో మైకులో కూడా అనేస్తారు. వినే పొరుగువాళ్లకు అది ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించరు. బైబిల్లో అన్యజనులు అంటే యూదులు కాని జనాలన్నీ. ఆ లెక్కన గుంటూరు జిల్లాలో పుట్టిన నేనూ అన్యజనురాలినే, నువ్వూ అన్యజనుడివే. రోమా పత్రికలో పౌలు మనలాంటి వాళ్లను అడవి ఒలీవ కొమ్మతో పోల్చి, తెచ్చి అంటుకట్టిన కొమ్మవు, వేరు ముందు గొప్పలు పోవద్దు అని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మనకు. మన పండక్కి అరిసెలు పంపించే పక్కింటి పిన్నిగారిని ఆ మాటతో పిలిచే హక్కు మనకెవరూ ఇవ్వలేదు. మీ తాతయ్య పోయినప్పుడు మూడు రోజులు మన ఇంట్లో పొయ్యి వెలగలేదు, క్యారేజీలు వచ్చింది ఆవిడ వంటింట్లోంచే.

ముందూ వెనకా చూడకుండా ఒక్క వచనాన్ని తెంపుకోవడం ఎందుకు జరుగుతుందంటే, బైబిలు రాసినవాళ్లు వచనాల అంకెలు వేయలేదు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినది. కొత్త నిబంధనకు వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. వెతుక్కోవడానికి ఎంతో మేలు చేశాయి. కాని అంకె పడ్డాక ప్రతి వాక్యమూ విడిగా తెంపుకోదగిన పండులా కనబడటం మొదలైంది. ఫిలిప్పీయుల పత్రికలో, నన్ను బలపరిచేవానిలో అన్నీ చేయగలను అన్న మాట మీ ఆఫీసు కుర్రాళ్ల టీషర్టు మీద చూశానన్నావు. అది రాసినప్పుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడు. అన్నీ అంటే ఆకలినీ ఓర్చుకోగలను, కడుపునిండా తిన్నప్పుడూ నిలబడగలను అని. పరీక్ష పాసవడం గురించి కాదు.

ఇక నా మనసుకు అన్నిటికంటే బరువైనది చెబుతాను, కొంచెం ఓపికగా విను. మన వీధి చివర ఒకామె ఉండేది, నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు నీకు జంతికలు పెట్టేది. సుగరు ఉంది, ఇన్సులిన్ వేసుకునేది. ఎక్కడో స్వస్థత కూటానికి వెళ్లి వచ్చింది. ఆయన పొందిన దెబ్బల వల్ల మనకు స్వస్థత అనే యెషయా 53లోని మాట పట్టుకుని, నువ్వు బాగైపోయావు, ఇంక సూది వేసుకుంటే అవిశ్వాసమే అన్నారట అక్కడ. మానేసింది. కాలి వేలికి పుండు పడింది, నల్లబడింది. అప్పుడూ ఆసుపత్రికి వెళ్లలేదు, నూనె రాసుకుంది. చివరికి మోకాలి కింద తీసేశారు. చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకుని, "నాకు విశ్వాసం చాల్లేదక్కా" అని ఏడ్చింది. కాలు పోయిన దుఃఖం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. ఆమెకు ఉన్న విశ్వాసం నాకు లేదు. ఆమెకు లేనిది పక్కన కూర్చుని నిజం చెప్పే మనిషి. ఆ రోజుల్లో నేను గమనించి కూడా నాకెందుకులే అని ఊరుకున్నాను. ఆ భారం ఇంకా నా మీద ఉంది.

యెషయా 53 చదువు. అక్కడ ఆ సేవకుడు మోసింది మన అతిక్రమాల్ని, మన దోషాల్ని అని ఆ వచనంలోనే ఉంది. మత్తయి సువార్త ఆ అధ్యాయంలోని మాటను యేసు రోగుల్ని బాగుచేయడానికి అన్వయించింది, అదీ నిజమే. దేవుడు రోగుల్ని ముట్టుకుంటాడు, నేను నమ్ముతాను, మాత్ర వేసుకునే ముందు రోజూ ప్రార్థిస్తాను. కాని ప్రతి విశ్వాసికీ ఈ రోజే, మందు లేకుండానే ఒంట్లో రోగం పోవాలి, పోకపోతే విశ్వాసం లోపమే అని బైబిలు ఎక్కడా చెప్పలేదు. తిమోతికి కడుపు జబ్బు. పౌలు అతనికి చేతులుంచి బాగుచేయలేదు, ఉత్త నీళ్లు మాని కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అన్నాడు, ఆ రోజుల్లో అది మందు. త్రోఫిము అనే సహచరుణ్ణి జబ్బుతో మిలేతులో వదిలి వచ్చాను అని అదే పౌలు రాశాడు. హిజ్కియా రాజుకు దేవుడు ఆయుష్షు పెంచుతానని మాట ఇచ్చాక కూడా, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నది యెషయాయే. లూకాను పౌలు ప్రియమైన వైద్యుడు అన్నాడు, ఆ వృత్తి మానేయమనలేదు.

ఇంకా ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని అడిగారు. మన ఊళ్లో ఇప్పటికీ అడిగే ప్రశ్న అదే, పూర్వజన్మ అనరు గాని, 'వంశ శాపం' అంటారు. యేసు రెండూ కాదన్నాడు. యెహెజ్కేలు 18వ అధ్యాయమంతా దీని గురించే, తండ్రులు పుల్లటి ద్రాక్ష తింటే పిల్లల పళ్లు పులిశాయి అనే సామెతను ఇకమీదట మీరు పలకకూడదు అని దేవుడే అన్నాడు. శాపం తెంచుతాం అని కవర్లో కానుక వేయించుకునేవాళ్లకు ఈ అధ్యాయం చూపించు. యోబు స్నేహితులు ముగ్గురూ, నీ పాపం వల్లే నీకిలా అని అధ్యాయాల తరబడి వాదించారు. చివర దేవుడు వాళ్ల మీదే కోపపడ్డాడు. మంచం మీదున్న మనిషి దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ ముగ్గుర్నీ గుర్తుపెట్టుకో.

ఇవి నువ్వు చెబితే ఒక్కోసారి, దైవజనుల్ని ప్రశ్నిస్తావా, నా అభిషిక్తుల్ని ముట్టవద్దు అని కీర్తనల్లో ఉంది అని నోరు మూయిస్తారు. 105వ కీర్తన అది. అందులో అభిషిక్తులు ఎవరు? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. గుప్పెడు మంది, సెంటు భూమి లేక దేశం నుంచి దేశానికి తిరుగుతున్నవాళ్లు. హెచ్చరిక ఎవరికి? రాజులకు. బలవంతుడి నుంచి బలహీనుణ్ణి కాపాడటానికి పలికిన మాటను, వేదిక మీదున్నవాళ్లు కింద కూర్చున్న పేదవాళ్ల మీద వాడుతున్నారు. అంతియొకయలో కేఫా తప్పు చేసినప్పుడు పౌలు అందరి ముందూ ఎదురుగా నిలబడి అడిగాడు. కేఫా అంటే పేతురు. బెరయ వాళ్లు పౌలు చెప్పింది నిజమేనా అని రోజూ లేఖనాలు తిప్పి చూసుకుంటే, లూకా వాళ్లను ఘనులన్నాడు. మన అయ్యగారు మంచివారు, ఆయన్ను గౌరవించు, అండీ అనకుండా మాట్లాడకు. కాని అడగాల్సింది అడుగు. గౌరవానికీ ప్రశ్నకూ పడదని మన పెద్దలు ఎప్పుడూ అనలేదు.

దశమభాగం గురించీ ఇంతే. మలాకీ మూడో అధ్యాయం చదివి, ఇవ్వనివాడు దేవుని దగ్గర దొంగిలించినవాడు అని భయపెడతారు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర మాత్రం చదవరు. మూడేళ్లకోసారి ఆ పదోవంతు ఊళ్లోనే ఉంచి, పొలం లేని లేవీయుడూ, పరదేశీ, తండ్రి లేని పిల్లలూ, విధవరాలూ వచ్చి కడుపునిండా తినాలి అని అక్కడ ఉంది. ఇయ్యి నాయనా, సంతోషంగా ఇయ్యి, మా అమ్మ గుప్పెడు బియ్యం తీసిపెట్టకుండా ఎసట్లో పోసేది కాదు. ఇచ్చినది ఏ విధవరాలి కంచంలోకి చేరిందో అడిగే హక్కు కూడా నీకు ఆ గ్రంథమే ఇచ్చింది.

వచ్చే వేసవిలో మీ చెల్లి పెళ్లి. ఎఫెసీయులకు 5వ అధ్యాయం చదువుతారు, 22వ వచనం దగ్గర మొదలుపెట్టి, భార్యలు లోబడాలి అని. ముందున్న 21వ వచనంలో ఒకరికొకరు లోబడండి అని ఉంది. గ్రీకులో పురాతన ప్రతుల్లో కొన్నింట 22లో 'లోబడి' అన్న క్రియే లేదు, పై వచనం నుంచి తెచ్చుకోవాలి. అంటే 21 లేకపోతే 22 నిలబడదు. ఆ తర్వాత భర్తకు చెప్పినది, క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు నువ్వు పెట్టు అని. ఎవరి మీద ఎక్కువ బరువు ఉందో లెక్క చూడు. మగవాడి దెబ్బలు ఓర్చుకోమని ఆ వచనంతో ఆడపిల్లల్ని వెనక్కి పంపిన పెద్దమనుషుల్ని స్త్రీల మైత్రిలో ఉన్నన్నాళ్లూ చూశాను. ఆదికాండంలో హవ్వను గురించి మన తెలుగు వాళ్లు 'సాటియైన సహాయము' అన్నారు. ఎంత మంచి మాట! సాటి అంటే సమానం. హెబ్రీలో ఆ సహాయానికి వాడిన ఏజెర్ అనే మాటను పాత నిబంధనలో ఎక్కువ చోట్ల దేవుడికే వాడారు. మనకు సహాయం చేసేవాడు గనక దేవుడు మనకన్నా తక్కువ అంటామా? పెళ్లిలో 21 నుంచి చదవమని అయ్యగార్ని నువ్వే అడుగు. అన్నవు, అడగొచ్చు.

మీ ఆఫీసులో స్నేహితుడు, మీకు ముగ్గురు దేవుళ్లు కదా, మా త్రిమూర్తుల్లాగా, అని అడిగితే నీళ్లు, మంచు, ఆవిరి పోలిక చెప్పానన్నావు. అది నీకు నేను నేర్పిందే. తప్పు నేర్పాను, ఇప్పుడు దిద్దుకుంటున్నాను. ఒకే నీళ్లు ఒకసారి మంచు, ఒకసారి ఆవిరి అవుతాయి, ఒకే సమయంలో మూడూ కావు. అలా ఒకే దేవుడు మూడు వేషాలు మార్చాడనే బోధను మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో చెప్పుకున్నారు, సంఘం దాన్ని అప్పుడే తోసిపుచ్చింది. యొర్దానులో కుమారుడు నీళ్లలో నిలబడ్డాడు, ఆత్మ పావురంలా దిగాడు, తండ్రి స్వరం పైనుంచి వినబడింది. వేషాలు మార్చేవాడైతే ఆ స్వరం ఎవరిది? అటు, ముగ్గురు దేవుళ్లూ కారు. ఇశ్రాయేలుకు మోషే నేర్పిన మొదటి పాఠమే దేవుడు ఒక్కడే అని, యేసు కూడా దాన్నే ప్రధానమైన ఆజ్ఞ అన్నాడు. త్రిత్వం అనే మాట బైబిల్లో లేదు. ఆ రెండు నిజాల్లో ఏదీ జారిపోకుండా పట్టుకోవడానికి 325లో నికయాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్లో పెద్దలు కూర్చుని మాటలు వెతికారు. నీ స్నేహితుడికి పోలిక చెప్పకు. యొర్దాను కథ చెప్పు, మేము ఒక్క దేవుణ్ణే నమ్ముతాం, ఆయన తనలో తానే ప్రేమగా ఉన్నాడని నమ్ముతాం అను. అర్థం కాలేదంటే, నాకూ పూర్తిగా అందదు అని చెప్పు. అందులో సిగ్గేమీ లేదు. అతని త్రిమూర్తుల గురించి అతన్నే అడిగి తెలుసుకో, నువ్వు ఊహించి చెప్పకు.

అయితే ప్రతి పొరపాటునూ దిద్దాలని లేదు. క్రిస్మస్ కథలో జ్ఞానులు ముగ్గురని మత్తయి రాయలేదు, కానుకలు మూడు గనక మనం అనుకున్నాం. ఆదాము తిన్నది ఆపిలని లేదు. ఇవి ఎవరి కాలూ తీయించవు. క్రిస్మస్ నాటకంలో మన పిల్లలు ముగ్గురు తలపాగాలు చుట్టుకుని వస్తే రానీ, అక్కడ బోధ మొదలుపెట్టకు. ఆర్.సి.ఎం. వాళ్లు, అంటే కతోలికులు, గుణదల మరియమ్మ కొండకు వెళ్తే మరియమ్మను దేవతను చేశారని కూడా అనకు. వాళ్ల సంఘం బోధలో ఆరాధన దేవుడికే, మరియమ్మకు గౌరవం, మాకోసం ప్రార్థించమ్మా అనే మనవి. మనం అలా చేయం, సరే. వాళ్లు చెప్పని మాట వాళ్ల నోట్లో పెట్టడం మాత్రం అబద్ధ సాక్ష్యమే.

కార్డులు వేయించు నాయనా. పిల్లలు ఎదురుచూస్తారు, ముసలివాళ్లం ఇంకా ఎక్కువ ఎదురుచూస్తాం. కాని కార్డు మీద పది, పదకొండు రెండు వచనాలూ వేయించు, వెనకవైపు ఏడోది వేయించు. ఆ రాత్రి ఇరవై నిమిషాలు నీకిస్తే, పది నిమిషాలు 28, 29 అధ్యాయాలు తాపీగా పైకి చదువు. ఆ ఏడాది భర్తను పోగొట్టుకున్న ఆమె ఎక్కడో వెనక వరసలో కూర్చుని ఉంటుంది. ఉద్యోగం పోయిన కుర్రాడు ఉంటాడు. వాళ్లకు రెండేళ్ల మాట చెప్పకు.

ఆ ఉత్తరం రాసిన యిర్మీయా డెబ్బై ఏళ్ల చివర చూడలేదు. యెరూషలేము కాలిపోయాక మిగిలిన జనం, వద్దన్నా వినకుండా ఆయన్ను ఐగుప్తుకు తీసుకుపోయారు. అక్కడి నుంచి తిరిగి వచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. బబులోనులో మాత్రం, కుర్రతనంలో చెరపట్టబడి అక్కడే తల నెరిసిన దానియేలు, యిర్మీయా రాసిన ఆ డెబ్బై ఏళ్ల లెక్క చదువుకుని, గోనె కట్టుకుని ప్రార్థనకు కూర్చున్నాడు.

మీ అమ్మమ్మ